చర్చి నడిచింది, ఊరు పోయింది

చెక్ భాషలో మొస్త్ అంటే వంతెన. ఉత్తర బొహీమియాలో బీలినా నది పక్కన బురదనేల దాటడానికి ఒక వంతెన ఉండేది. దాన్ని ఆనుకుని పుట్టిన ఊరికి ఆ పేరే నిలిచింది. జర్మన్లు బ్రూక్స్ అన్నారు, అందులో ఉన్నదీ వంతెనే. పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడు కోస్మాస్ తన గ్రంథంలో ఈ చోటును 'హ్నేవా వంతెన' పేరుతో తలచుకున్నాడు. అలా నీళ్ల దగ్గర మొదలైన ఊరు చివరికి నీళ్లపాలే అయింది.

ఆ ఊరికి కష్టాలు కొత్త కాదు. 1515లో నిప్పంటుకుని ఊరు ఊరంతా తగలబడిపోయింది. బూడిద చల్లారిన రెండేళ్లకే, 1517లో, మేరీమాత పేరిట కొత్త చర్చి మొదలుపెట్టారు. దాని రూపకర్త ష్వైన్‌ఫుర్ట్‌కు చెందిన యాకోబ్ హైల్‌మన్. సన్నటి స్తంభాలు పైకి పోయి కొమ్మలేసినట్టు రాతి ఈనెలుగా చీలి, కప్పంతా అల్లుకున్నాయి. ముప్పై ఏళ్ల యుద్ధంలో స్వీడన్ సైన్యం కొండమీది హ్నేవీన్ కోటను పట్టుకుని ఊరిని పిండేసింది. యుద్ధం ముగిశాక, మళ్లీ ఏ సైన్యమూ వచ్చి తిష్ఠ వేయకూడదని, ఊరివాళ్లే పట్టుబట్టి 1653లో ఆ కోటను కూలగొట్టించారు. బతకడానికి కూల్చుకున్నారు. ఆ కూల్చుడు నాకు అర్థమవుతుంది.

తర్వాతది అర్థం చేసుకోవడం కష్టం. ఊరి కింద గోధుమరంగు బొగ్గు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో గనులు ఊరిని చుట్టుముట్టాయి. 1895 జులైలో ఒక రాత్రి, నీళ్లతో కలిసిన ఇసుక పొర ఒకటి గనిలోకి జారిపోయింది. పైన ఉన్న ఇళ్లు నిలువునా కుంగాయి. నేల ముందే చెప్పింది, విన్నవాళ్లు లేరు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దగ్గర్లోనే బొగ్గు నుంచి పెట్రోలు తీసే కర్మాగారం పెట్టారు. యుద్ధం ముగిశాక జర్మన్ మాట్లాడేవాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టారు. తరాలుగా ఉన్నవాళ్లు పోయారు, ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్లు వచ్చారు. తాతల సమాధులు లేని ఊరి కోసం గొంతెత్తేవాళ్లు ఎందరుంటారు?

1964లో ప్రభుత్వం తీర్మానించింది: పాత మొస్త్‌ను తీసేయాలి. లెక్క తేలిగ్గా తేలింది. ఒక పక్క ఆలనాపాలనా లేక పెచ్చులూడుతున్న ఇళ్లు, ఇంకో పక్క వాటి అడుగున కోట్ల టన్నుల బొగ్గు. జనానికి పక్కనే కొత్త ఊరు, సిమెంటు పలకల అపార్ట్‌మెంట్లు, కుళాయి తిప్పితే వేడినీళ్లు. సంతోషంగా వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం. వీధి తర్వాత వీధి నేలమట్టమైంది. 1911 నాటి నాటకశాలనూ వదల్లేదు. సినిమావాళ్లకు మాత్రం పండగ. 'ద బ్రిడ్జ్ ఎట్ రెమగెన్', ఆ తర్వాత 1979 నాటి 'ఆల్ క్వయిట్ ఆన్ ద వెస్ట్రన్ ఫ్రంట్' ఈ కూలుతున్న ఇళ్ల మధ్య తీశారు. నిజం యుద్ధాలకు చావని ఊరు, ఉత్తుత్తి యుద్ధాలకు శవంలా పడుకుంది.

అంతా కూల్చినవాళ్లు ఒక్క చర్చిని మాత్రం మోసుకెళ్దామనుకున్నారు. దేవుణ్ణి నమ్మని ప్రభుత్వం దేవుడి ఇంటికి చక్రాలు కట్టింది! గోపురాన్ని విప్పేశారు. గోడలకు లోపలా బయటా ఉక్కు చట్రం బిగించారు. పునాది నుంచి గోడల్ని కోసి, 53 హైడ్రాలిక్ బండ్ల మీదికి ఎత్తారు. 1975 సెప్టెంబర్ 30న చర్చి కదిలింది. నిమిషానికి రెండు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పంత. కళ్లు పెట్టి చూసినా కదిలినట్టు తెలియదు. కాసేపు అటు తిరిగి మళ్లీ చూస్తే పట్టా మీద రెండు జానల తేడా. రోజంతా, రాత్రంతా నడిస్తే ముప్పై మీటర్లు. ఏ స్తంభమూ బీటలివ్వకుండా కంప్యూటరు ఒక్కో బండి ఎత్తును సరిచేస్తూ వచ్చింది. 28 రోజులకు, అక్టోబర్ 27న, 841 మీటర్ల అవతల ఆగింది. పది వేల టన్నుల రాయి, ఒక్క స్తంభం విరగలేదు. ఇంజనీర్ల పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ 28 రోజుల్లో చర్చికి దక్కిన జాగ్రత్త, దాని నీడలో పెళ్లిళ్లు చేసుకున్న వీధుల్లో ఒక్కదానికీ దక్కలేదు.

ఇప్పుడది పవిత్రాత్మ పేరున్న ఒక చిన్న చర్చి పక్కన ఉంది. అదీ పాత ఊరిదే, మొదటినుంచీ ఆ చోటే ఉంది. రెండూ ఒకదానికొకటి తోడు. చుట్టూ ఇళ్లు లేవు.

బొగ్గు తవ్వకం 1999లో ఆగింది. 2008లో గోతిలోకి నీళ్లు వదలడం మొదలుపెట్టారు, నిండేసరికి 2014. మొస్త్ సరస్సు 311 హెక్టార్లు, లోతైన చోట 75 మీటర్లు. 2020 నుంచి జనం ఈతకు వస్తున్నారు. కొండమీద హ్నేవీన్ కోటకు 1900 ప్రాంతంలో కట్టిన నకలు ఉంది. అక్కణ్ణించి కిందికి చూస్తే చర్చి, రోడ్డు, నీలి నీళ్లు కనిపిస్తాయి. పాత ఊరి చౌరస్తా ఏదని అడిగితే, వేలు నీళ్లవైపే చూపించాలి.