మందు ఒకటే, గొట్టం వేరు: బేగంబజారు పరిసరాల్లో ఫిరంగి నుంచి మాగ్నం దాకా

తుపాకీ గుండు వేగం మందు ఒక్కదాని మీదే ఆధారపడదు. మందు మండి పుట్టిన వాయువు గుండును గొట్టంలో ఎంత దూరం నెట్టిందో, ఆ నెట్టుడులో ఎంత భాగం సందుల్లోంచి వృథాగా పోయిందో కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే రకం తూటాలను రెండు రివాల్వర్లలో, ఒక రైఫిల్లో పేల్చి కొలిస్తే మూడు వేర్వేరు అంకెలు రావడానికి కారణం ఇదే. హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరాన ఉన్న బేగంబజారు, కోఠి, గన్‌ఫౌండ్రీల చరిత్రలో ఈ సూత్రం ఫిరంగుల కాలం నుంచీ పనిచేస్తూనే ఉంది.

ఆ రోజుల్లో ప్రతి తుపాకీలోనూ, ప్రతి ఫిరంగిలోనూ మందు చేత్తో దట్టించాల్సిందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన మందు ఎంత పోయాలన్నది గోలందాజు అనుభవానికి వదిలేసే విషయం కాదు. గోల్కొండ కోటలో పెట్లబురుజు మీద ఉన్న ఫతే రహబర్ ఫిరంగిని 1672లో మహమ్మద్ అలీ అరబ్ పోతపోశాడు. ఔరంగజేబు 1687లో కోటను ముట్టడించినప్పుడు తెచ్చిన ఫిరంగుల్లో అది ఒకటి. ఇలాంటి మొఘలు ఫిరంగుల మీద చక్రవర్తి పేరుతో పాటు గుండు ఎన్ని శేర్లో, మందు ఎన్ని శేర్లో కూడా చెక్కేవారు. మందు తక్కువైతే గుండు గోడను చేరదు, ఎక్కువైతే ఫిరంగే పగులుతుంది. అయితే గుండు బయటికి వచ్చేటప్పుడు ఎంత వేగంతో వస్తుందో చెప్పే సాధనం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

ఆ సాధనం 1742లో వచ్చింది. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త బరువైన పలకను లోలకంలా వేలాడదీసి, దాని మీదికి తుపాకీ పేల్చి, అది ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. మస్కెట్ గుండు సెకనుకు 500 మీటర్ల దరిదాపుల్లో బయటపడుతుందని అతని ప్రయోగాల్లో తేలింది. గొట్టం పొడవు, గుండు బరువు, మందు బరువు మూడింటినీ కలిపి వేగానికి సూత్రం రాసిందీ అతనే. రాబిన్స్ జీవితం ముగిసింది మన తీరంలోనే. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయించడానికి ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలకు, 1786లో, హైదరాబాద్‌లో ఫిరంగుల కార్ఖానా వెలిసింది. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ దాన్ని కట్టించాడు. జనం తోప్ కా సాంచా అన్నారు. ఇంగ్లీషువాళ్ల గన్‌ఫౌండ్రీయే చివరికి పేటకు పేరుగా నిలిచింది. ఫతేమైదాన్‌కు దగ్గరలో, ఆబిడ్స్‌కు ఆనుకుని ఉన్న ఆ కార్ఖానాలో ఫిరంగులు, గుండ్లు పోతపోసేవారు.

ఆ కాలపు పోతపనిలో అసలు కష్టం కంచు కరిగించడంలో కన్నా లోపలి రంధ్రాన్ని సూటిగా, సమంగా తీయడంలో ఉండేది. గుండుకూ గొట్టానికీ మధ్య కొంత సందు ఉండక తప్పదు. లేకపోతే రెండు మూడుసార్లు పేల్చాక పేరుకున్న మసికి గుండు లోపలికి దిగదు. కానీ సందు పెరిగేకొద్దీ వాయువు పక్కల నుంచి జారిపోతుంది. బ్రిటిష్ సిపాయిల మస్కెట్‌లో గొట్టం వెడల్పు అంగుళంలో ముప్పావు, గుండు దానికన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు సన్నం. ఫిరంగిలోనూ ఇదే తంతు. అందుకే ఫ్రాన్సులో 18వ శతాబ్దంలో ఫిరంగిని గట్టి దిమ్మగా పోతపోసి, తర్వాత తొలిచే పద్ధతి వచ్చింది. సందు తగ్గిందంటే తక్కువ మందుతోనే అదే వేగం వస్తుంది. గొట్టాన్ని కురచ చేసి, బరువు తగ్గించి, ఎడ్లకు భారం తప్పించవచ్చు.

రేమండ్ పటాలాలు 1795లో ఖర్డా దగ్గర మరాఠాలతో పోరాడాయి. నిజాం ఓడినా ఆ పటాలాలకు మాత్రం పేరు దక్కింది. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు, అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. కార్ఖానా ప్రాభవం పన్నెండేళ్లే. అంత కొద్దికాలం నడిచిన కార్ఖానా ఒక పేటకు శాశ్వతంగా పేరు పెట్టిపోవడం విచిత్రమే.

బేగంబజారు కూడా నిజాం అలీఖాన్ కాలం నాటిదే. ఆయన బేగం హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు పెరిగింది. 1857లో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దండెత్తిన రోహిల్లా జమాదారు తుర్రేబాజ్ ఖాన్ బేగంబజారువాడే. జులై 17 సాయంత్రం అతనూ మౌల్వీ అల్లావుద్దీనూ సుమారు 500 మందితో కోఠికి కదిలారు. రెసిడెన్సీ ఎదుట ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ మేడల్లో నిలబడి రాత్రంతా తుపాకులు పేల్చారు. లోపలి నుంచి మద్రాసు అశ్విక ఫిరంగి దళం జవాబిచ్చింది. నున్నటి గొట్టం తుపాకీ గురి వంద గజాలు దాటితే నమ్మలేనిది. ధైర్యం ఎంత ఉన్నా, ఫిరంగుల ముందు ఆ తుపాకులు ఎక్కువసేపు నిలవలేదు. తుర్రేబాజ్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర హతమయ్యాడు.

1857 తిరుగుబాటుకు ఒక కారణంగా నిలిచిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సంగతి గమనించదగ్గది. 39 అంగుళాల గొట్టం నుంచి దాని గుండు కాస్త నెమ్మదిగానే బయలుదేరేది. పాత మస్కెట్ గుండు అంతకన్నా జోరుగా బయలుదేరినా, దూరం పోయేకొద్దీ చతికిలబడేది. గాడుల్లో తిరుగుతూ వచ్చే కోలగుండు నెమ్మదిగా బయలుదేరినా వందల గజాల అవతల గురి తప్పేది కాదు. మూతి దగ్గరి వేగం ఒక్కటే చూసి ఆయుధానికి విలువ కట్టకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పొగరాని మందు వచ్చాక వేగాలు అమాంతం పెరిగాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటలకు పేరుపడ్డ కాలం అది. ఆ వేట శిబిరాలను లాలా దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. 1898లో వచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ రైఫిల్ 31 గ్రాముల గుండును సెకనుకు 655 మీటర్ల వేగంతో విసిరేది. కానీ ఆ అంకె ఇంగ్లండు చలిలో కొలిచినది. కార్డైట్ అనే ఆ మందు ఎండకు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, పేలిన తూటా ఇరుక్కుపోతుంది. అందుకని తయారీదారులు వేడి దేశాలకు మందు తగ్గించి నింపిన తూటాలను వేరుగా అమ్మేవారు. రోహిణీ కార్తె ఎండ తెలిసిన ఊరికి ఈ జాగ్రత్త గురించి వివరించి చెప్పక్కర్లేదు.

మొదట్లో చెప్పిన రివాల్వర్, రైఫిల్ తేడాకు ఉదాహరణ .357 మాగ్నం. ఈ రివాల్వర్ తూటా అమెరికాలో 1935లో వచ్చింది. 10 గ్రాముల గుండు నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకు సుమారు 375 మీటర్ల వేగంతో, 18 అంగుళాల రైఫిల్ నుంచి సుమారు 540 మీటర్ల వేగంతో వస్తుంది. గొట్టం నాలుగున్నర రెట్లయినా వేగం ఒకటిన్నర రెట్లకు చేరలేదు, ఎందుకంటే గుండు ముందుకు జరిగేకొద్దీ వెనక వాయువు పలచబడి నెట్టుడు తగ్గుతుంది. అయినా శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక రైఫిల్ దెబ్బ రెట్టింపు.

పైగా ఈ పోలిక సమానమైన కొలతల మధ్య జరిగేదీ కాదు. రైఫిల్ గొట్టం పొడవులో తూటా కూర్చునే గది కలిసి ఉంటుంది, రివాల్వర్‌కు దాన్ని లెక్కించరు. రివాల్వర్‌లో తిరిగే చక్రానికీ గొట్టానికీ మధ్య అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచే సందు ఉంటుంది. ఆ సందుతో పాటు గది నోటి వెడల్పు కూడా తుపాకీ తుపాకీకీ మారుతుంది కాబట్టి, ఒకే పొడవున్న రెండు రివాల్వర్లు కూడా ఒకే అంకె చూపవు. తూటాలు చేత్తో నింపుకునేవాళ్లు మందు రకాన్ని బట్టి మరో తేడా చూస్తారు. త్వరగా మండే మందు పొట్టి గొట్టంలోనే పని ముగించేస్తుంది, నిదానంగా మండేది రైఫిల్లోనే పూర్తిగా అక్కరకొస్తుంది.

మన దేశంలో ఇలా ఇంట్లో కూర్చుని తూటాలు నింపి పోల్చి చూసే వీలు లేదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్సు ఉండాలి. బేగంబజారులో ఇప్పుడు సామాన్యులు కొనగలిగిన మందుగుండు దీపావళి టపాసులే, వాటిని అమ్మడానికీ లైసెన్సు కావాల్సిందే.