క్లోవర్ కోసం ఓడెక్కిన రాణులు

ఇంగ్లండు నుంచి న్యూజీలాండ్ వెళ్ళి స్థిరపడ్డ రైతులు పశువుల మేతకు ఎర్ర క్లోవర్ చల్లారు. మన పాడి రైతులు వేసే బర్సీంకు అది దగ్గరి చుట్టం. పైరు ఏపుగా పెరిగి విరగబూసేది, గింజ మాత్రం సరిగా పట్టేది కాదు. విత్తనం మళ్ళీ సముద్రం దాటి రావలసిందే. లోపం నేలది కాదు. క్లోవర్ పూగుత్తిని విడదీసి చూస్తే పదుల కొద్దీ సన్నని గొట్టాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి 9, 10 మిల్లీమీటర్ల లోతు, తేనె అట్టడుగున. తేనెటీగ నాలుక 6 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. బాంబస్ ప్రజాతికి చెందిన బంబుల్‌బీలలో పొడవు నాలుక రకాలకే ఆ తేనె సులువుగా అందుతుంది. ఒళ్ళంతా నూగుతో, బొద్దుగా ఉండే అడవి ఈగలివి. పురుగులు వాలకుండా కప్పి ఉంచిన నూరు పూగుత్తులకు ఒక్క గింజా రాలేదనీ, కప్పని నూరింటికి 2,700 గింజలొచ్చాయనీ డార్విన్ లెక్కపెట్టి చెప్పాడు.

తేనెటీగలు 1839లోనే న్యూజీలాండ్ చేరాయి కదా, అవి చాలవా అని అడగవచ్చు. పుప్పొడి కోసం అవీ క్లోవర్ మీద వాలతాయి, కొంత గింజా పట్టిస్తాయి. కానీ పక్కనే తేనె సులువుగా దొరికే పువ్వుంటే అటే పోతాయి. అలాంటి ఈగను నమ్ముకుని విత్తనం పండించలేం. అందుకే 1885లో నిద్రావస్థలో ఉన్న రాణి బంబుల్‌బీలను ఇంగ్లండు నుంచి ఓడల్లో తెప్పించారు. దారిలో చాలా చనిపోగా, బతికిన 93 రాణులను క్రైస్ట్‌చర్చ్ దగ్గర వదిలారు. కాలక్రమంలో నాలుగు జాతులు అక్కడ నిలదొక్కుకున్నాయి.

ఇది ఓడల ఘనత, మనుషుల పట్టుదల అనేవారున్నారు. పట్టుదల నిజమే. అయితే ఆ కొద్దిపాటి రాణుల సంతతి దేశమంతా పాకిందంటే, దిగేసరికే పూసిన క్లోవర్ చేలు ఎదురుగా ఉండబట్టే. ఇంగ్లండులో జరిగింది దీనికి సాక్ష్యం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చవక ఎరువులు రావడంతో నేలసారం కోసం క్లోవర్ వేయడం తగ్గింది, గడ్డి మైదానాలు దున్నేశారు. న్యూజీలాండ్ వెళ్ళిన నాలుగింటిలో ఒకటైన సబ్‌టెరేనియస్ అనే జాతి 1988 తర్వాత సొంతగడ్డ మీదే కనబడలేదు. దాన్ని న్యూజీలాండ్ నుంచి వెనక్కి తెచ్చే ప్రయత్నం ఫలించలేదు. 2012లో అదే జాతి రాణులను స్వీడన్ నుంచి తెచ్చి ఇంగ్లండులోని డంజెనెస్‌లో వదిలారు. వదలడానికి ముందే ఆ చుట్టుపక్కల రైతులను కలిసి, వాళ్ళ పొలాల్లో పూలమొక్కలు పెంచే ఏర్పాటు చేశారు.