కొల్లేటి లంకలు: ఒక సింహావలోకనం

హైదరాబాద్ బేగం బజార్ చేపల మార్కెట్లో తెల్లవారకముందే లారీల నుంచి దిగే బొచ్చెలు, శీలావతుల్లో చాలా భాగం కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెరిగినవే. ఐసు ముక్కలు దులిపి తూకం వేసే ఆ చేప వెనక ఒక పెద్ద సరస్సు కథ ఉంది. ఇప్పుడు గట్లు కట్టి చెరువులుగా కోసిన ఆ నేలలో ఎక్కువ భాగం ఒకనాడు కొల్లేరు.

కృష్ణా, గోదావరి డెల్టాలు చెరో పక్కన ఒండ్రు పోసుకుంటూ సముద్రంలోకి పెరుగుతుంటే, నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. పాత సముద్రతీరపు ఇసుక మెరకలు సరస్సుకు దక్షిణాన ఇప్పటికీ కనిపిస్తాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు లెక్కకు మిక్కిలి మురుగు కాలువలు దీంట్లోకి దిగుతాయి. నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతం చేరుతుంది. ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోతే అదే దారిన ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

కొల్లేరు పళ్లెంలో పోసిన నీళ్ల లాంటిది, లోతు తక్కువ, పరపు ఎక్కువ. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగులకు చేరితే 901. అయిదడుగుల తేడాకే సరస్సు దాదాపు మూడింతలవుతుంది. అందుకే ఇక్కడ ఊరు కట్టాలంటే ముందు మెరక చూసుకోవాలి, లేదా మట్టి పోసి మెరక చేసుకోవాలి. గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్లలంక, ఆగడాలలంక అన్నీ అలా నీటి మధ్య నిలిచిన ఊళ్లే.

చరిత్రలో ఈ నీరు పదేపదే కోటకు కందకంలా పనిచేసింది. రెండో పులకేశి వేంగిని జయించినప్పుడు కునాల జలం యోధుల నెత్తుటితో ఎర్రబడిందని 634 నాటి ఐహోళె శాసనం చెబుతుంది. ఆ కునాలం కొల్లేరేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. విక్రమచోళుడు యువరాజుగా వేంగిలో ఉండగా ఈ కొల్లేటి సీమ నేలిన కొలను భీముణ్ని ఓడించానని తన ప్రశస్తుల్లో చెప్పుకున్నాడు. తరవాత ఒడ్డె గజపతుల వంతు. సరస్సులో చేపలు పట్టి బతికే వడ్డీలు తాము గజపతుల సైన్యంతో వచ్చినవాళ్ల సంతతి అంటారు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గుణంలో జరిగే జాతరకు చుట్టుపక్కల లంకలన్నీ కదిలివస్తాయి.

లంకల బతుకంతా నీటి రాకపోకల లెక్క. వానాకాలం, చలికాలం వేట, నీరు తీసిన నేలలో వేసవి వరి. తాటి మొద్దు తొలిచి చేసిన దోనె మీద బడికీ, సంతకీ, పెళ్లికీ. ఒక మనిషి గడ కర్రతో నెడుతుంటే ముందు కూర్చున్నవాడు చేపలు పట్టే మావు పైకి తీసేవాడు. అడుగున బురదలో కొట్టుకునే కొరమీను, వాలుగ, మార్పు, జెల్ల. విత్తనం కొన్నదీ కాదు, మేత వేసిందీ కాదు. సరస్సు ఊరికే పెట్టిన అన్నం అది. ఆ అన్నం పోయినందుకే నాకు ఎక్కువ బాధ.

మలుపు 19వ శతాబ్దంలో వచ్చింది. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట, 1855కల్లా బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టా పండింది, దాని మురుగూ మట్టీ కొల్లేట్లోకి దిగాయి. ఇది ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ తప్పని నేననను. మురుగుకు దారి చూడకపోవడం ఆ తరవాతి తరాల తప్పు.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ పెట్టుబడి లేని సంఘాల చెరువులు లీజు మీద బయటి డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. గట్టు పక్కన గట్టు లేచింది. దోనె తిరిగే నీరు తగ్గింది, వేటగాడు తన ఊరి చెరువు మీదే కూలీ అయ్యాడు. 5 అడుగుల గీత వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట వేల ఎకరాల గట్లు కొట్టేశారు. కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఆటపాక దగ్గర గూడబాతులు మాత్రం, చెట్లు చాలక, అటవీశాఖ నిలబెట్టిన మంచెల మీద కూడా గూళ్లు కడుతున్నాయి.

అభయారణ్యం హద్దును 3 అడుగుల గీతకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. లంకల జనానికి పట్టా భూమి, బతుకుతెరువు కావాలన్నది న్యాయమైన మాట. దానికి సరస్సును కుదించడం జవాబు కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కిందికి దిగి కొల్లేట్లో పడినప్పుడు లంకల దారులు మునిగాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. ఆ నీటిని సముద్రానికి చేర్చేది ఇవాళ్టికీ ఉప్పుటేరు ఒక్కటే. ముందు దాని పూడిక తీయాలి, నీటి దారికి అడ్డం కట్టిన గట్లు తొలగించాలి, తెరిపైన నీటిలో వేట హక్కు లంకలవాళ్లకే ఇవ్వాలి.