సాగర్ నీళ్ల కింద పట్నం.. రాతి పలకల మీద దాని మేడలు

మిర్యాలగూడ, కోదాడ వైపు నుంచి సెలవులకు సాగర్ వెళ్లే కుటుంబాలు డ్యామ్ గేట్లు చూసి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లి వస్తుంటాయి. ఆ లాంచీ పోయేది ఒకప్పటి రాజధాని మీదుగానే. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి అది.

ఈ లోయలోని శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు దొరికినంత దక్కించుకోవాలని పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపింది. కోట గోడ, కందకం, వీధులు, కృష్ణ ఒడ్డున స్నానాల రేవు, చుట్టూ మెట్లున్న ఆటస్థలం బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగతాదంతా నీళ్లలోనే ఉండిపోయింది.

అయితే తవ్వకాల్లో దొరికినవి ఎక్కువగా పునాదులు, కింది గోడలే. పైన ఉన్న కర్ర పని ఎప్పుడో పోయింది. మరి ఆ ఇళ్లు ఎలా ఉండేవి? దానికి జవాబు కొండ మీది మ్యూజియంలో, సున్నపురాయి పలకల మీద ఉంది. రంగులతో వేసిన బొమ్మలు కావు, చెక్కినవి. సిద్ధార్థుడు గుర్రమెక్కి ఇల్లు విడిచి పోయే కథ చెక్కాలంటే నగర ద్వారం కావాలి, రాజభవనం కావాలి. కథ జరిగింది ఎక్కడో ఉత్తరాన కపిలవస్తులో. శిల్పి దాన్ని చూడలేదు. తనకు తెలిసిన కట్టడాలనే చెక్కాడు: బండి గూడు లాంటి వంపు కప్పులు, గుర్రపు నాడా ఆకారపు కిటికీలు, స్తంభాలు, తోరణాలు. అందుకే ఈ పలకలు ఇప్పుడు చరిత్రకు సాక్ష్యంగా పనికొస్తున్నాయి.

అలాగని ఫోటోలా నమ్మేయడం కుదరదు. 1944లో జర్మన్ సైన్యం నేలమట్టం చేసిన వార్సా నగరాన్ని మళ్లీ కట్టేటప్పుడు, 18వ శతాబ్దంలో బెర్నార్డో బెల్లోట్టో వేసిన వీధుల పెయింటింగ్‌లను కూడా ముందు పెట్టుకున్నారు. ఆయన అందం కోసం మార్చి గీసినవి కూడా కొన్ని కొత్త గోడల మీదికి ఎక్కేశాయి! విజయపురి శిల్పి కూడా మనిషిని పెద్దగా, మేడను చిన్నగా చెక్కాడు. పలక ఇరుకు కాబట్టి ఊరిని కుదించాడు. అందుకే తవ్వకాల కొలతలు పక్కన పెట్టుకునే పలకను చదవాలి.

మ్యూజియంలో మునిగిన లోయ నమూనా కూడా ఉంది. ముందు అది చూసి, తర్వాత పలకల దగ్గరికి వెళ్తే పిల్లలకు బాగా అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, కాబట్టి జుమా రోజు ప్రయాణం పెట్టుకోవద్దు.