ఓరుగల్లు పటంలో రంగులు, గీతలు

ఊళ్లు, ఏర్లు, దారులు చూపేవి సాధారణ పటాలు. రాయి, వాన, జనం, పంట వంటి వాటిలో ఒక్కదాన్నే తీసుకొని అది ఎక్కడ ఎంత ఉందో చూపేవి విషయ పటాలు. మొదటివి లేనిదే రెండోవి లేవు.

వరంగల్ చుట్టుపక్కల ఆ మొదటి పని కష్టంగానే సాగింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో ప్రారంభించిన త్రికోణమితి సర్వే కోసం జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవుల్లో దిగాడు. విషజ్వరం ఆయన్నీ, వెంట వచ్చినవాళ్లనూ మంచాన పడేసింది. కోలుకోవడానికి మరుసటి ఏడాది ఆయన ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు ఓడెక్కాల్సి వచ్చింది. అదే సర్వేలో వైద్యుడిగా ఉన్న హెన్రీ వాయిసీ హైదరాబాదు రాజ్యంలోని శిలల్ని పరిశీలించి భూగర్భ పటానికి శ్రీకారం చుట్టాడు.

భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఇల్లందు 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. ప్రాణహిత–గోదావరి లోయ మీద ఆయన గ్రంథం 1881లో వచ్చింది. భూగర్భ పటంలో ఒక్కో శిలా వర్గానికి ఒక్కో రంగు. ఓరుగల్లు కోట ఉన్నది గ్రానైటు నేల మీద. తూర్పున గోదావరి వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగేది గోండ్వానా శిలల పట్టీ. బొగ్గు ఆ పట్టీలోనే దొరుకుతుంది. ఇక్కడ ఒక రంగు ఆగి మరో రంగు మొదలయ్యే చోటు ప్రకృతి గీసిన హద్దు.

జనసాంద్రత పటంలో అలా కాదు. పాలనా విభాగాలకు లెక్కను బట్టి లేత, ముదురు రంగులు వేసే పద్ధతిని 1826లో ఫ్రాన్సులో చార్లెస్ డ్యూపాఁ మొదలుపెట్టాడు. దీన్నే కోరోప్లెత్ అంటారు. హైదరాబాదు రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. 1961 లెక్కల తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకంగా అట్లాసు సంపుటం తయారైంది. అప్పటి విభాగాలు తాలూకాలు. 1985లో మండలాలు రావడంతో పటంలో గళ్లు చిన్నవై, తేడాలు బయటపడ్డాయి.

2011లో ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35,12,576, విస్తీర్ణం 12,846 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 273. సూచికలో వర్గం 250 దగ్గర తెగితే జిల్లా ముదురు గడిలో పడుతుంది, 300 దగ్గర తెగితే లేత గడిలో పడుతుంది. ఏ వర్గంలో పడినా హనుమకొండ వీధులకూ ఏటూరునాగారం అడవికీ ఒకే రంగు! 2016 అక్టోబరులో జిల్లా అయిదు ముక్కలైంది. 2019లో ములుగు వేరుపడింది. ఆ 2011 లెక్కలనే కొత్త హద్దుల్లో పోసి చూస్తే నగరం ఉన్న చోట రంగు ముదిరింది, ములుగు వెలిసిపోయింది. ఈ మార్పు కోసం ఒక్క మనిషీ ఇల్లు మారలేదు. అడవిని, చెరువుల్ని ముందే మినహాయించి, జనం ఉండే నేలకే రంగు వేసే డాసీమెట్రిక్ పద్ధతి ఈ లోపాన్ని కొంత సరిచేస్తుంది. 1936లో జె.కె. రైట్ అమెరికాలోని కేప్ కాడ్‌ను ఉదాహరణగా తీసుకొని దాన్ని వివరించాడు.

వానకు జిల్లా హద్దులతో పనిలేదు. అందుకే సమాన వర్షపాతం ఉన్న చోట్లను గీతలతో కలుపుతారు. జనగామ నుంచి ఏటూరునాగారం వైపు వెళ్లేకొద్దీ గీతల మీద అంకెలు పెరుగుతాయి. నెలలవారీ వానకు మాత్రం పటం కన్నా దిమ్మల చిత్రమే మేలు: జూన్ నుంచి సెప్టెంబరు దాకా దిమ్మలు ఒక్కసారిగా లేస్తాయి. ఈ దిమ్మల చిత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది 1786 నాటి విలియం ప్లేఫెయిర్ పుస్తకం. పాఖాల, లక్నవరం, రామప్ప వంటి కాకతీయుల చెరువులకు ఆయకట్టును బట్టి చిన్నా పెద్దా వృత్తాలు సరిపోతాయి. ఊరూరా ఉన్న చిన్న కుంటలకు చుక్కలు చాలు.

మేడారం జాతర ఈ పటాల్లో వేటికీ అందదు. జనగణన 2001, 2011 వంటి బేసి సంవత్సరాల్లో వచ్చింది. జాతర సరి సంవత్సరాల్లో జరుగుతుంది. పైగా లెక్కించేది స్థిరంగా ఉండేవాళ్లనే. కాబట్టి లక్షల మంది గుమిగూడే తాడ్వాయి అడవి సాంద్రత పటంలో లేత రంగులోనే మిగిలిపోతుంది. దీనికి తగినది ప్రవాహ పటం. 1837లో హెన్రీ హార్నెస్ ఐర్లాండు రైలుమార్గాల పరిశీలన కోసం గీసినట్టు, రాకపోకల్ని బట్టి దారి గీత మందం మారుతుంది. హనుమకొండ నుంచి ములుగు, పస్రా మీదుగా మేడారం వెళ్లే గీత దారిలో వచ్చి కలిసే బస్సులతో లావవుతూ పోతుంది. గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి మరో గీత వచ్చి చేరుతుంది.