కారవాన్ అనే మాట వెనుక ఒంటెల వరుస

పోయిన వారం నేను పెట్టిన ఫోటోలు చూసి, "నేల కింద ఇళ్ళేమిటి అన్నా, ఆ కథ చెప్పు" అని చాలామంది అడిగినారు. నాది తమిళ పళ్ళికూడం చదువు. తప్పులుంటే దిద్దండి.

మా అమ్మాయి ఆస్ట్రేలియాలో అడిలైడులో ఉంది. అల్లుడికి ఒక కారవాన్ ఉంది. కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న ఇల్లు అనుకోండి. పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. దాంట్లో మమ్మల్ని ఒపల్ రాళ్ళ దేశానికి తీసుకుపోయినాడు. శుక్రదశ బాగుండాలని మన పక్క జోసియర్లు ఉంగరంలో పెట్టించే ఒపల్ అదే.

అడిలైడు నుంచి ఉత్తరానికి సుమారు 850 కిలోమీటర్లు పోతే కూబర్ పీడీ. పోర్ట్ ఆగస్టా దాటినాక చెట్టు కనబడడమే అరుదు. ఊరు దగ్గర పడేకొద్దీ తెల్లటి మట్టి కుప్పలు వేలకు వేలు, చీమల పుట్టల మాదిరి. ప్రతి కుప్ప పక్కనా ఒక గొయ్యి. పరుగెత్తవద్దు, వెనక్కి నడవవద్దు అని బోర్డు పెట్టినారు. ఫోటో కోసం నాలుగు అడుగులు వెనక్కి వేసి గోతిలో పడతారని.

1915 ఫిబ్రవరి 1న అక్కడ మొదటి ఒపల్ దొరికింది. బంగారం వెతకడానికి వచ్చిన జిమ్ హచిసన్ వెంట కొడుకు విల్లీ ఉన్నాడు. 14 ఏళ్ళ పిల్లవాడు. బంగారం లేదు, నీళ్ళూ కరువు. ఆ పిల్లవాడు ఒపల్ ముక్కలు ఏరుకొచ్చినాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలూ, 1917లో ముగిసిన ట్రాన్స్ ఆస్ట్రేలియన్ రైలు దారి పని చేసిన కూలీలూ తవ్వడానికి వచ్చినారు. ఎండకు తాళలేక గుట్టల్లోనే గదులు తొలుచుకున్నారు. బయట 45 డిగ్రీలున్నా లోపల 24, 25 డిగ్రీలే. ఇప్పటికీ అట్లానే ఉంటున్నారు. గుడి కూడా, అంటే చర్చి, నేల కిందనే. 1920లో ఊరికి పేరు పెట్టినారు. ఆదివాసుల మాటల్లో "కూపా పీటి", తెల్లవాడి గుంత అని అర్థం చెబుతారు.

రాళ్ళు తగ్గి ఊరు వెలవెలబోయిన కాలంలో, 1946లో, టాటీ బ్రయంట్ అనే ఆదివాసీ ఆమెకు ఎయిట్ మైల్ అనే చోట మంచి ఒపల్ దొరికింది. మళ్ళీ జనం వచ్చినారు. పదేళ్ళకు, 1956లో, అదే చోట 17,000 క్యారెట్ల రాయి దొరికింది. అంటే దాదాపు మూడున్నర కిలోలు. ఆ ఏడు మెల్బోర్న్‌లో ఒలింపిక్ ఆటలు జరిగినాయి కాబట్టి ఒలింపిక్ ఆస్ట్రేలిస్ అని పేరు. రాయి పేరు లోకమంతా తెలుసు. టాటీ పేరు ఎందరికి తెలుసు?

నేను ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే గుమాస్తాను. గూడ్సు షెడ్డులో కూర్చున్నవాడికి ఎక్కడ పోయినా ఒకటే ప్రశ్న: ఈ ఊరికి సరుకు ఎట్లా వచ్చింది? రోడ్డు లేని, నీళ్ళు లేని చోటికి బియ్యం, పిండి, పార, గడ్డపార మోసినది ఎవరు?

అప్పుడు తెలిసింది, ఆ దేశానికి కారవాన్ అనే మాట మా అల్లుడి బండితో రాలేదు. అంతకు ముందు ఒంటెల వరుసలుండేవి. 1860లో బర్క్, విల్స్ యాత్ర కోసం కరాచీ నుంచి 24 ఒంటెలనూ, వాటిని తోలే మనుషులనూ తెచ్చినారు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కోసం వందకు పైగా ఒంటెలు, 31 మంది మనుషులు పోర్ట్ ఆగస్టా రేవులో దిగినారు. 1872లో ముగిసిన టెలిగ్రాఫ్ లైనుకు కూడా సామాను మోసినవి ఒంటెలే. వచ్చినవాళ్ళు బలూచీలు, పఠానులు, పంజాబీలు, సింధీలు. చాలామంది అప్పటి మన బ్రిటిష్ ఇండియా మనుషులే. అందరికీ అక్కడ ఒకే పేరు: ఆఫ్ఘన్.

తిరుగుదారిలో పోర్ట్ ఆగస్టా నుంచి పక్కకు తిరిగి మర్రీ అనే ఊరికి పోయినాము. పాత ఘాన్ రైలు దారి అక్కడికి 1884లో, ఊడ్నడట్టాకు 1891లో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు 1929లో చేరింది. మూడున్నర అడుగుల చిన్న గేజి. 1957లో మర్రీ వరకు పెద్ద గేజి వేసినారు. అక్కడి నుంచి పైకి చిన్న గేజియే కాబట్టి సామానంతా దించి ఎక్కించాలి. మన తిరుచ్చిలో మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి మూటలు మార్చిన రోజులు గుర్తొచ్చినాయి. వానకు పట్టాలు కొట్టుకుపోయే ఆ దారిని 1980లో మూసి, పడమరగా కొత్తది వేసినారు.

మర్రీలో రైలు పట్టాలకు ఒక పక్క తెల్లవాళ్ళు, ఇంకో పక్క ఒంటెలవాళ్ళూ ఆదివాసులూ ఉండేవారు. ఒంటెలవాళ్ళు మట్టి గోడలతో చిన్న మసీదు కట్టుకున్నారు, ఖర్జూరం చెట్లు నాటుకున్నారు. 1901లో వలస చట్టం వచ్చింది. బయటనుంచి వచ్చేవాడికి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చెప్పి రాయమనవచ్చు. రాయకపోతే వెనక్కి. ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి పని చేసినవాడు కూడా సొంత ఊరికి పోయి తిరిగి రావాలంటే, ఆ పరీక్ష వద్దని ముందే కాగితం తీసుకోవాలి. పౌరసత్వం ఇవ్వలేదు. పెళ్ళాం బిడ్డలను తెచ్చుకోనివ్వలేదు. చాలామంది ఆదివాసీ ఆడవాళ్ళను పెళ్ళాడి అక్కడే నిలిచినారు. రైలూ లారీలూ వచ్చినాక ఒంటెతో పని తీరింది. 1925లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఒంటెలను కాల్చే చట్టం చేసినారు. చంపడానికి చేతులు రాక కొందరు వాటిని ఎడారిలో విడిచిపెట్టినారు. అడవి ఒంటెలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ మనుషుల గుర్తుగానే రైలుకు ఘాన్ అని పేరు వచ్చిందంటారు. ఆఫ్ఘన్‌లో మొదటి సగం రాలిపోయి మిగిలిన మాట. ఇప్పుడు డబ్బున్న యాత్రికులు ఎక్కే రైలు అది.

ఆ మసీదు ముందర నిలబడి నేను మన సంగతే తలుచుకున్నాను. తమిళ ఊళ్ళలో మనవాళ్ళను కడపవాడా, నెల్లూరువాడా అని అడగలేదు. అందరినీ "వడుగర్" అన్నారు, ఉత్తరాదివాళ్ళు అని. ఇంకొకరు పెట్టిన పేరు నిలిచిపోతుంది. ఇంట్లోని మాటను మాత్రం మనమే నిలుపుకోవాలి. ఒంటెలవాళ్ళ పిల్లలకు ఆ వసతి లేకపోయింది. మనకు ఉంది. నేను తెలుగు అక్షరాలు నేర్చినది యాభై దాటినాక, మన సంఘం ఆదివారం తరగతిలోనే.

కాబట్టి ఒక వేడుకోలు. మీ తాతలు ఏ ఊరి నుంచి, ఏ కాలంలో, ఏ పని మీద వచ్చినారో తెలిసినంత కింద రాయండి. తప్పు తెలుగైనా పరవాలేదు. రాసినదే మిగులుతుంది.