ఎత్తైన కొండల ఊలాంగ్ టీ: ఉద్దానంలో సాగుకు పనికొస్తుందా? కాచుకునే పద్ధతి ఏమిటి?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పెద్ద ఎత్తున నేలకూలాయి. ఖాళీ అయిన చోట ఏ పంట వేయాలన్న ఆలోచనలో కొందరు రైతులు కొత్త పంటల వైపు చూస్తున్నారు. ఖరీదైన ఊలాంగ్ టీ గురించి విని సాగు చేద్దామనుకునే వారికి, ఆ టీ పొట్లం చేతికొచ్చి ఎలా కాచాలో తెలియని వారికి ఈ వివరాలు ఉపయోగపడతాయి.

ఊలాంగ్ అంటే ఏమిటి?

మనం పాలు పోసి కాచే టీ పొడి, గ్రీన్ టీ, ఊలాంగ్ మూడూ ఒకే జాతి మొక్క ఆకుతో తయారవుతాయి. తేడా తయారీలోనే ఉంది. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడినట్లే నలిగిన తేయాకు కూడా రంగు మారుతుంది. గ్రీన్ టీలో ఆకును వేడిచేసి ఈ మార్పును మొదట్లోనే ఆపుతారు. టీ పొడిలో పూర్తిగా జరగనిస్తారు. ఊలాంగ్‌లో మధ్యలో ఆపి, ఆకును చిన్న ఉండలుగా చుట్టి ఆరబెడతారు.

తైవాన్‌లో 1,000 మీటర్లకు పైన ఉన్న తోటల ఆకుతో చేసినదే ఎత్తైన కొండల ఊలాంగ్. అలీషాన్, లీషాన్ ఇందుకు పేరున్న ప్రాంతాలు. అక్కడి చలికి, పొగమంచుకు ఆకు నెమ్మదిగా పెరుగుతుంది. అందువల్ల చేదు, వగరు తగ్గి, తీపి, పూల వాసన వస్తాయి.

మన ప్రాంతంలో సాగు చేయవచ్చా?

చేయవద్దు. కారణాలు ఇవి:

• ఎత్తు: మందస వైపు నుంచి కనిపించే మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. మన తోటలు సముద్రం పక్కన పల్లపు నేలలో ఉన్నాయి.
• నేల: తేయాకుకు ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 వరకు ఉన్న ఆమ్ల నేల, లోతైన మట్టి కావాలి. తీరపు ఇసుక నేల తేమను నిలుపుకోలేదు.
• వాతావరణం: ఏడాది పొడవునా తేమ ఉండాలి. మన వేసవి ఎండను, ఉప్పు గాలిని ఈ మొక్క తట్టుకోదు.

నాటిన తర్వాత సుమారు మూడేళ్లకు గానీ ఆకు కోతకు రాదు. ఈలోగా పెట్టుబడి పోతుంది. ఎవరైనా మొక్కలు తెచ్చి, ఆకు తిరిగి కొంటామని చెబితే డబ్బు కట్టకండి. ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి. ఖాళీ చోట జీడి అంట్లు, కొబ్బరి తిరిగి నాటుకోవడం, తోట ఎదిగే వరకు మధ్యలో అంతర పంట వేసుకోవడం మేలు.

కాచుకునే పద్ధతి

1. పాలు, పంచదార వేయకూడదు. ఆకును పొయ్యి మీద మరిగించకూడదు.
2. పింగాణీ లేదా గాజు పాత్రను వేడినీటితో ఒకసారి తొలిచి పారబోయాలి.
3. 150 మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా ఉండలు చాలు.
4. నీరు మరిగాక పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగి ఆకు మీద పోసి మూత పెట్టాలి.
5. రెండు నిమిషాలకు పూర్తిగా వడగట్టాలి. నీరు మిగిలితే చేదెక్కుతుంది.
6. అదే ఆకును మరో మూడు సార్లు వాడవచ్చు. ప్రతిసారీ ఒక నిమిషం ఎక్కువ ఉంచాలి.

నీటి విషయంలో జాగ్రత్త

ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీటితో కాస్తే పైన తెట్టు కట్టి రుచి చెడుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు, ఫ్లోరైడ్ పోవు. హిరమండలం నుంచి పైపులైన్ ద్వారా వంశధార నీరు అందే ఊళ్లలో ఆ నీటినే వాడండి.

కిడ్నీ రోగులకు సూచన

ఉద్దానం కిడ్నీ వ్యాధిని ఏ టీ నయం చేయదు. అలా చెప్పి అమ్మేవారిని నమ్మవద్దు. డాక్టరు రోజుకు ఇంతే నీరు తాగమని చెప్పి ఉంటే, టీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఐరన్ మాత్రతో పాటు టీ తాగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. కనీసం రెండు గంటల తేడా ఉంచాలి.

నిల్వ

తీరపు తేమకు ఆకు త్వరగా మెత్తబడుతుంది. గాలి చొరని డబ్బాలో, ఎండు చేపలకు, మసాలా దినుసులకు దూరంగా ఉంచండి. తేయాకు పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది.